వీర్యంలో సున్నా: వేడిని నిందించే ముందు

వీర్యంలో శుక్రకణాలు అసలే లేకపోవడం అజూస్పెర్మియా. సుమారు నూటికి ఒక పురుషుడిలో కనిపించే ఈ స్థితికి వేడే కారణమనే నమ్మకం సౌదీ అరేబియాలో ఎర్రసముద్ర తీరంలోని జిజాన్ లాంటి చోట తేలిగ్గా అతుక్కుంటుంది. వేడి కణాల సంఖ్యను తగ్గించే మాట నిజమే, కానీ పూర్తి సున్నాకు కారణం సాధారణంగా వేరే ఉంటుంది. జిజాన్ ప్రాంతంలో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ (మన ఏజెన్సీ గిరిజనులదీ అదే బాధ). ఆ వ్యాధి వృషణాలను దెబ్బతీయగలదు. దానికి వాడే హైడ్రాక్సీయూరియా కూడా శుక్రకణాలను తగ్గిస్తుంది, ఒక్కోసారి సున్నాకు దించుతుంది. కనుక మందు మొదలుపెట్టకముందే వీర్యాన్ని భద్రపరచుకోవడం తెలివైన పని. సౌదీలో 2004 నుంచి పెళ్లికి ముందు సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరి. అయితే అది పుట్టబోయే బిడ్డల ఆరోగ్యం కోసం, వరుడి సంతాన సామర్థ్యం తేల్చడానికి కాదు.

1992లో బ్రసెల్స్ వైద్యులు ప్రకటించిన ఇక్సీ (అండంలోకి ఒకే శుక్రకణాన్ని ఎక్కించే) పద్ధతికి ఒక్క కణం చాలు కదా, కారణం వెతకడమెందుకని అడగొచ్చు. ఆ ఒక్క కణం దొరుకుతుందో లేదో చెప్పేది కారణమే. వేసెక్టమీ వల్లో, ఇన్ఫెక్షన్ వల్లో నాళం మూసుకుపోతే వృషణంలో కణాలు తయారవుతూనే ఉంటాయి. నాళాన్ని తిరిగి కలపవచ్చు, లేదా సూదితో కణాలను తీయవచ్చు. ఉత్పత్తే ఆగితే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, వై క్రోమోజోమ్ లోపాల కోసం వెతకాలి. ఆ క్రోమోజోమ్‌లో ఏజడ్‌ఎఫ్-ఏ భాగం పూర్తిగా లోపిస్తే వృషణంలో కణాల కోసం వెతికే శస్త్రచికిత్స వృథా. ఏజడ్‌ఎఫ్-సీ లోపిస్తే కణాలు దొరకవచ్చు, కానీ ఆ లోపం కొడుక్కీ సంక్రమిస్తుంది. పిట్యూటరీ హార్మోన్లు తగ్గితే వాటి ఇంజెక్షన్లతోనే ఉత్పత్తి మొదలుకావచ్చు. బయటి నుంచి తీసుకునే టెస్టోస్టిరాన్ మాత్రం చికిత్స కాదు, శుక్రకణాల ఉత్పత్తిని అణచివేసే కారణాల్లో ఒకటి.