పసిపిల్లలతో కౌలాలంపూర్ యాత్ర: కొన్ని పాఠాలు

విదేశయాత్ర అనగానే పెద్దలు చూడవలసిన ప్రదేశాల జాబితా రాసుకుంటారు. నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలకు ఆ జాబితాతో పనిలేదు. వారికి కావలసినవి మూడు: వేళకు తిండి, వేళకు నిద్ర, 'అదేమిటి?' అన్న ప్రశ్నకు జవాబు. ఈ మూడింటికీ చోటులేని ప్రయాణం ఎంత ఖర్చు పెట్టినా పిల్లలకు ఏడుపుగానూ, పెద్దలకు అలసటగానూ మిగులుతుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో వెళ్ళే కుటుంబాలకు ఇది చిన్న నష్టం కాదు. మేము మనవడు, మనవరాలితో మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో నాలుగు రోజులు గడిపాం. అక్కడ గమనించిన విషయాలను తల్లిదండ్రుల కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాం.

1. పిల్లల గడియారం

మలేషియా సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇంట్లో ఉదయం ఏడింటికి లేచే పిల్లవాడు అక్కడ తొమ్మిదిన్నరకు గానీ లేవడు. రాత్రి పదకొండున్నర దాకా నిద్రపోడు. కనుక మొదటిరోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకూడదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న నగరం కావడంతో ఏడాది పొడవునా ఎండ, ఉక్కపోత ఉంటాయి. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం మామూలే. ఉదయం బయట తిరగడం, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి, సాయంత్రం పార్కు – ఈ క్రమం పిల్లలకు సరిపోతుంది.

2. రోజుకు ఒక్క ప్రదేశం, ఒక్క ప్రశ్న

క్లాంగ్, గోంబాక్ నదులు కలిసేచోట 1909లో కట్టిన మస్జిద్ జామెక్ ఉంది. అక్కడ మేము పిల్లలకు చరిత్ర చెప్పలేదు. "నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అని మాత్రం అడిగాం. "బురద రంగు నానీ" అన్నాడు మనవడు. మలయ్ భాషలో 'కౌలా' అంటే నదీముఖం, నదులు కలిసేచోటు; 'లుంపూర్' అంటే బురద. ఊరి పేరు వాడికి అలా అర్థమైంది. చూసినదాని నుండి తెలియనిదానికి వెళ్ళడం బోధనలో మొదటి సూత్రం.

పెట్రోనాస్ జంట భవనాల ఎత్తు 452 మీటర్లు. ఈ అంకె పిల్లల బుర్రకు ఎక్కదు. "మన చార్మినార్‌లు ఎనిమిది, ఒకదానిపై ఒకటి పేర్చినంత" అంటే కళ్ళు పెద్దవి చేస్తారు. ఆ భవనాల పక్కనున్న పార్కులో ఆటస్థలం, పిల్లలు దిగి ఆడుకునే నీటి కొలను ఉన్నాయి. ఖర్చేమీ లేదు. మా మనవరాలికి భవనాలకన్నా ఆ కొలనే గుర్తుంది. అందులో తప్పేమీ లేదు.

1965లో ప్రారంభమైన జాతీయ మసీదు పైకప్పు గొడుగు ఆకారంలో ఉంటుంది. పిల్లల చేత దాన్ని కాగితంపై గీయించవచ్చు. నమాజు వేళ పెద్దలు వంతులవారీగా వెళ్ళి, ఒకరు తప్పనిసరిగా పిల్లల దగ్గర ఉండాలి.

3. తెలిసిన మాటల వేట

బోర్డుల మీద, జనం నోట తెలిసిన మాటలు వెతకడం పిల్లలకు మంచి ఆట. మలయ్‌లో ఉపాధ్యాయుడు 'గురు', భాష 'బహాస', నేల 'బూమి', లోకం 'దునియా', కుర్చీ 'కెరుసి'. కొన్ని సంస్కృతం నుండి, కొన్ని అరబీ నుండి వచ్చాయి. సముద్ర వర్తకం, రాజ్యాలు, మతాలు ఈ మాటలను మోసుకెళ్ళాయి. బ్రిటిషు పాలనలో తోటల పనికి మన తెలుగువారూ అక్కడికి వెళ్ళారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. పరాయిదేశం పూర్తిగా పరాయిది కాదని పిల్లలకు ఇంతకన్నా తేలికగా చెప్పలేం.

4. జాగ్రత్తలు

ప్రతి పిల్లవాడి జేబులో హోటల్ పేరు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచాలి. రైలెక్కేటప్పుడు విడిపోతే ఏం చేయాలో ముందే ఆడించి నేర్పాలి: పిల్లలు ఉన్నచోటే నిలబడాలి, పెద్దలే వెనక్కి రావాలి. అత్యవసర నంబరు 999. అక్కడ డెంగీ ఉంది కనుక పొడుగు చేతుల నూలు బట్టలు, దోమల మందు అవసరం. 1857లో తగరపు గనుల కోసం వచ్చి ఈ ఊరికి పునాది వేసిన కూలీలలో చాలామందిని మలేరియా బలిగొంది. దోమను తేలికగా తీసుకోరాదని చెప్పడానికి ఆ చరిత్ర చాలు.

5. తిరిగి వచ్చాక

ఫోటోలు చూపించేముందు పిల్లలకు కాగితం, రంగులు ఇచ్చి గుర్తున్నది గీయమనండి. పెద్దలు ఫోటోలు తీసినవి ఎన్ని, పిల్లలు గీసినవి ఏవి అన్నది పోల్చి చూసుకోండి. మరోసారి ఎక్కడికి వెళ్ళినా, ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఆ బొమ్మలే చెబుతాయి.