సాలన్‌లోని చింతపండు

మా శాఖలోని ఒక పెద్దవారి పదవీ విరమణ సందర్భమున, కొత్త నగరములోని ఒక పెద్ద హోటలుకు మేమందరము విందుకు వెళ్ళినాము. అక్కడి వంటకముల పట్టికలో మొదటి వరుసలోనే 'ఫ్యూజన్' అనే మాట ఉన్నది. వేర్వేరు దేశముల వంటలను ఒకే పళ్ళెములో కలుపుట అని దాని భావము. మా ముందుకు వచ్చినది ఇటలీవారి పాస్తా. దానిపై పోసినది మిర్చీ కా సాలన్! వడ్డించిన యువకుడు మా పూర్వ విద్యార్థి, పురానాపూల్ వాస్తవ్యుడు. నువ్వులు, వేరుసెనగలు, చింతపండు కలిపిన ప్రత్యేకమైన రసమని అతడు మాకు ఇంగ్లీషులో వివరించినాడు. వారి ఇంట శుభకార్యములకు నూరే ముద్ద అదే గదా అని మాకు నవ్వు వచ్చినది. తరువాత కొంత విచారము కూడ కలిగినది. మన పిల్లలు ఇంటి వంట పాతదనీ, హోటలు వంట కొత్త సృష్టి అనీ భావిస్తున్నారేమో!

ఆ సాలన్‌నే పరిశీలింతము. మిరప, వేరుసెనగ రెండును అమెరికా ఖండములకు చెందినవి. 16వ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలతో మిరప మన దేశమునకు చేరినది. చింతచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా. అది ఏనాడో వచ్చి తెలుగువాని పెరటి చెట్టయినది. దాని పండును అరబ్బులు 'తమ్ర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరము, అన్నారు. ఇంగ్లీషువారి 'టామరిండ్' అందులోనుండి వచ్చినదే. ఉత్తరాది మొగలాయి వంటలో పులుపునకు పెరుగు ముఖ్యము. దక్కనుకు వచ్చేసరికి చాల వంటకములలో ఆ స్థానము చింతపండుది. ఖట్టీ దాల్, దాల్చా, బగారా బైంగన్ ఇందుకు సాక్ష్యములు. ఇవి ఏ ఒక్క వంటవాని ప్రయోగములో కావు. ఇరుగుపొరుగు వంటిళ్ళు తరతరములుగా ఇచ్చిపుచ్చుకొన్నవి.

మూసీపై పురానాపూల్‌ను 1578లో కట్టించిన ఇబ్రహీం కుతుబ్ షా కథయు ఇటువంటిదే. యౌవనములో ఏడేండ్లు విజయనగరములో ఆశ్రయము పొందిన ఆ సుల్తానును తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చినాడు. తొలి అచ్చ తెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన్న అంకితమిచ్చినది ఆ కొలువులోని అమీన్ ఖానుకు. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడెల్ల విద్యార్థులు తలలెత్తి చూస్తారు. అచ్చతనము కోరిన కావ్యము సైతము ఇట్టి కలగలుపు నేలలోనే మొలిచినది.

మాటలును అట్లే ప్రయాణించినవి. ఉర్దూలో 'బఘార్' అనగా తాలింపు. నేడు తెలంగాణ పల్లెలో పెండ్లి అయినా, బోనాలయినా, మాంసపు కూర పక్కన బగారా అన్నము ఉండవలసినదే. అది పరాయి మాట అన్న స్పృహ తినేవారికి లేదు, ఉండనక్కరలేదు.

పెద్ద హోటలుకు పోరాదని మేము చెప్పుట లేదు. 101 మంది ఒకే బల్ల వద్ద కూర్చుండదగిన భోజనశాల గల ఫలక్‌నుమా 2010లో హోటలుగా తెరువబడినది. హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినదియు ఆ ఏడే. ఆ హలీము మూలము అరబ్బుల హరీస్! అట్టి చోట పండుగపూట ఒకసారి భోజనము చేయుట ముచ్చటయే, మాబోటి ఉపన్యాసకునికి బిల్లు కొంత భారమైనను. అయితే పాతబస్తీ పెండ్లిలో చౌకీ చుట్టు చేరి, ఎవరెవరో ఒకే పళ్ళెములో తినే భోజనము ఆ పట్టికలో మాకు కనబడలేదు.

లేచే ముందు ఆ విద్యార్థిని ఉర్దూలో అడిగినాము, సాలన్ ఎట్లున్నదని. అతడు అటూ ఇటూ చూచి మెల్లగా అన్నాడు: "మా అమ్మీ చేసే దాంట్లో పులుపు ఇంకా ఎక్కువ సార్. ఇక్కడ అతిథుల కోసం తగ్గిస్తారు."