కొత్త ఫోనులో ఈ-సిమ్: మార్చుకొనుటకు ముందు సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

పాల సంఘ సభ్యులారా,

పట్నములో ఉద్యోగము చేయుచున్న కొడుకో, కూతురో కొత్త స్మార్టు ఫోను కొని ఇంటికి పంపుచున్నారు. పాత ఫోనులోని సిమ్ కార్డు తీసి అందులో వేయబోతే, కొన్ని ఫోనులకు కార్డు పెట్టు అరయే ఉండుట లేదు. మరికొన్నిటికి అర ఉన్నప్పటికి, "కార్డు ఎందుకు నాన్నా, ఈ-సిమ్ చేయించుకో" అని పిల్లలు చెప్పుచున్నారు. ఉదయము పాలు పోయుటకు వచ్చినప్పుడు సభ్యులు ఈ విషయమును గురించి ఒకరినొకరు అడుగుకొనుట వినబడుచున్నది. తెలిసినవారు ఒకరైతే, తెలిసినట్లు చెప్పువారు నలుగురు.

ఇది మనకు చిన్న విషయము కాదు. పాల బిల్లు బ్యాంకు ఖాతాలో పడిన కబురు వచ్చునది ఆ నంబరుకే. ఆ సొమ్మును ఫోను ద్వారా ఎవరికైనా చెల్లించవలెనన్న ఓ.టి.పి. వచ్చునది ఆ నంబరుకే. గేదె ఎదకు వచ్చినప్పుడు గోపాలమిత్రను పిలుచునది ఆ నంబరు నుండే. కాబట్టి నంబరును ఒక ఫోను నుండి మరియొక ఫోనుకు మార్చుట అనగా ఇంటి తాళము చెవి చేతులు మారుట వంటిది. ఎప్పుడు మార్చవలెను, ఎవరి చేత మార్పించవలెను, ఏ రోజున మార్చకూడదు అన్నవి తెలిసికొని చేయవలెను.

ఈ-సిమ్ అనగా ఏమి?

ఇక్కడ "ఈ" అనగా "ఇది" అని అర్థము కాదు. ఎంబెడెడ్ అను ఇంగ్లీషు మాటకు అది పొడి అక్షరము. ఫోనులోనే పొదిగిన సిమ్ అని అర్థము.

సిమ్ కార్డులు మొట్టమొదట 1991లో వచ్చినవి. అప్పుడు అవి నేటి ఏ.టి.యం. కార్డు అంత ఉండెడివి. రాను రాను ప్లాస్టిక్కును కత్తిరించుచు పోయి, 2012 నాటికి 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు గల నానో సిమ్ వరకు వచ్చినారు. అసలు పనిచేయునది ప్లాస్టిక్కు కాదు. దానిమీద బంగారు రంగులో కనబడు బిళ్ళ వెనుకనున్న చిన్న చిప్పు. మీ నంబరు తాలూకు గుర్తు, రహస్యపు తాళము అందులోనే ఉండును. ఈ-సిమ్‌లో ఆ చిప్పును ఫోను తయారగు చోటనే లోపల అతికించి వేయుదురు. అది ఖాళీగా వచ్చును. మీ కంపెనీవారు మీ నంబరు వివరములను ఇంటర్నెట్టు ద్వారా పంపి అందులో నింపుదురు. మన దేశములో 2018 నుండి ఈ-సిమ్ ఫోనులు వాడుకలోనికి వచ్చినవి.

పాల పుస్తకము నిండినప్పుడు సంఘమువారు కొత్త పుస్తకము ఇత్తురు. సభ్యత్వ సంఖ్య మారదు, షేరు ధనము మారదు, రావలసిన బిల్లు మారదు. ఇదియు అంతే. నంబరు అదే, కంపెనీ అదే, వేసికొన్న రీఛార్జి అదే. మారునది పుస్తకము మాత్రమే. అయితే కొత్త పుస్తకములో వ్రాయుట మొదలుపెట్టిన క్షణము నుండి పాతది చెల్లదు. ఈ-సిమ్ పనిచేయుట మొదలుకాగానే పాత కార్డు ఆగిపోవును.

మీ ఫోనుకు ఈ-సిమ్ ఉన్నదో లేదో తెలిసికొనుట సులభము. ఫోను చేయునట్లే అంకెల పలక తెరచి *#06# నొక్కండి. 15 అంకెల ఐ.యం.ఇ.ఐ. సంఖ్య ప్రతి ఫోనుకు కనబడును. దానితోపాటు ఇ.ఐ.డి. అని 32 అంకెల సంఖ్య కూడ కనబడినచో ఆ ఫోనులో ఈ-సిమ్ ఉన్నట్లు. మన పశువుల చెవికి వేయు పోగు మీద 12 అంకెలు ఉండును గదా! ఇ.ఐ.డి. ఆ చిప్పుకు వేసిన చెవిపోగు అనుకొనండి. తక్కువ ధర ఫోనులలో చాలవాటికి ఈ సదుపాయము లేదు. దుకాణదారుని మాట మీద కాక, ఫోను కొనుటకు ముందే ఈ అంకెలు నొక్కి చూచుట మంచిది.

ముందుగా సరిచూచుకొనవలసినవి

మొదట, ఆ నంబరు ఎవరి పేరున ఉన్నది? పదేండ్ల క్రిందట బావమరిది పేరుతోనో, సిమ్ అమ్మిన కుర్రవాని కాగితములతోనో తీసికొన్న నంబర్లు మన ఊళ్ళలో ఇంకను ఉన్నవి. ఇన్నాళ్ళు మాటలు సాగినవి గనుక ఎవరును పట్టించుకొనలేదు. ఈ-సిమ్‌కు మారునప్పుడు గుర్తింపు అడిగినచో పేరున్నవారే కదలవలెను. అట్టి నంబరును ముందుగా మీ పేరునకు మార్పించుకొనండి. దుకాణములో ఆధార్ చూపి వ్రేలిముద్ర వేయవలసి వచ్చును. నిత్యము పాలు పితుకువారికి, గడ్డి కోయువారికి ముద్రలు అరిగి యంత్రము పట్టక తిప్పి పంపుట కద్దు. పని ముగిసిన వెంటనే కాక, చేతులు కడిగి, తడి ఆరి, కొంత మెత్తబడిన తరువాత వెళ్ళినచో కొంత మేలు.

రెండవది, ఈ-మెయిల్ చిరునామా. పలు సందర్భములలో కంపెనీవారు క్యు.ఆర్. గుర్తును ఈ-మెయిల్‌కు పంపుదురు. ఆ చిరునామా కంపెనీ లెక్కలలో ముందే నమోదై ఉండవలెను. మీకు లేనిచో ఇంటిలో నమ్మకమైన వారిది ఇవ్వండి. దుకాణదారునిది ఇవ్వకండి.

మూడవది సభ్యులు తరచు మరచునది. పాత మీటల ఫోను వాడినవారి పేర్లు, నంబర్లు చాల భాగము సిమ్ కార్డులోనే దాచబడి ఉండును. అవి ఈ-సిమ్‌లోనికి వాటంతట అవి రావు. పశువైద్యుని నంబరు, గోపాలమిత్ర నంబరు, దాణా కొట్టు నంబరు, సంఘ కార్యదర్శి నంబరు పోయిన తరువాత వెదకుకొనుట కష్టము. కార్డు పనిచేయుచుండగానే వానిని ఫోనులోనికి ఎక్కించుకొనండి. నన్నడిగితే, ముఖ్యమైన పది నంబర్లు పాల పుస్తకము వెనుక అట్ట మీద పెన్నుతో వ్రాసి ఉంచుకొనుట అన్నిటికంటె మేలు.

మార్చు విధానము

పాత కార్డును పాత ఫోనులోనే ఉంచవలెను. పని పూర్తియగువరకు దానిని తీయరాదు, ఆ ఫోను ఆపరాదు. కంపెనీవారి ప్రశ్నలన్నియు దానికే వచ్చును.

ఎయిర్‌టెల్ వారు 121కి, జియో, వి కంపెనీలవారు 199కి ఎస్.ఎం.ఎస్. పంపు పద్ధతి పెట్టినారు. కంపెనీ యాప్ నుండియు అడుగవచ్చును. బి.ఎస్.ఎన్.ఎల్. వారు 2025లో ఈ సేవను ఆరంభించినారు. ఆ నంబరు గలవారు దగ్గరి కార్యాలయములో అడుగుట మంచిది. ఒక కంపెనీ ఈ-మెయిల్ చిరునామా అడుగును, మరియొకటి ఇ.ఐ.డి., ఐ.యం.ఇ.ఐ. సంఖ్యలు అడుగును. 32 అంకెలలో ఒక్కటి తప్పినను పని సాగదు గనుక వాటిని కాగితము మీద నాలుగేసి చొప్పున వ్రాసికొని పంపండి. తరువాత "నిజముగా మీరే అడిగినారా?" అని సందేశమో, ఫోను పిలుపో వచ్చును. మీరు అడిగి ఉన్నచో మాత్రమే ఔనని చెప్పండి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కొత్త ఫోనులో ఇంకను సిమ్ లేదు. సిమ్ లేనిదే ఇంటర్నెట్టు లేదు. ఇంటర్నెట్టు లేనిదే ఈ-సిమ్ దిగదు. కాబట్టి వైఫై ఉన్నచోటనో, పక్కింటివారి ఫోను నుండి హాట్‌స్పాట్ తీసికొనియో చేయవలెను. అలాగే క్యు.ఆర్. గుర్తును కొత్త ఫోను కెమెరాతో చూపవలెనన్న, ఆ గుర్తు మరియొక ఫోను తెర మీదనో, అచ్చు తీసిన కాగితము మీదనో ఉండవలెను. సెట్టింగులలో సిమ్ అనుచోటికి వెళ్ళి, ఈ-సిమ్ చేర్చు అను దానిని నొక్కి, గుర్తును చూపినచో వివరములు దిగును. కొన్ని నిమిషముల నుండి సుమారు రెండు గంటల లోపల సిగ్నల్ వచ్చును. ఆ మధ్యలో రెండు ఫోనులును పలుకకపోవచ్చును. గేదె ఈనుటకు సిద్ధముగా ఉన్న రోజున ఈ పని పెట్టుకొనకండి.

ఇరవైనాలుగు గంటల సంగతి

ఇది నేను అనుభవించి తెలిసికొన్నది. బిల్లు పడిన రోజు ఉదయమే ఉత్సాహముగా ఈ-సిమ్‌కు మారితిని. మాటలు చక్కగా వినబడినవి. సాయంత్రము దాణా బస్తాల బండి ఇంటి ముందుకు వచ్చినది. డబ్బు పంపుదమని చూడగా కొత్త ఫోనులో యు.పి.ఐ. యాప్ తెరచుకొనలేదు. ఖాతాలో సొమ్ము ఉన్నది, చేతిలో ఫోను ఉన్నది, బండివాడు ఎదురుగా నిలుచున్నాడు. చివరకు పక్కింటి ఆమె వద్ద చేబదులు తీసికొని ఇచ్చితిని. ఆమె నవ్వుచు, "కార్డు ఉన్న నా ఫోనే నయము గదా అన్నయ్యా" అన్నది.

కారణము తరువాత తెలిసినది. సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్.ఎం.ఎస్. రాకను, పోకను ఆపవలెనని టెలికం శాఖవారు 2022 నవంబరులో కంపెనీలను ఆదేశించినారు. మీకు తెలియకుండ ఎవరైనా మీ సిమ్ మార్చినచో, ఓ.టి.పి.లు వెంటనే వారి చేతికి చిక్కకుండుటకై పెట్టిన కట్టు అది. మంచి కట్టే. కాని యు.పి.ఐ. యాప్ కొత్త ఫోనులో నమోదు కావలెనన్న, ఆ నంబరు నుండి బ్యాంకుకు ఒక ఎస్.ఎం.ఎస్. పోవలెను. అది పోదు గనుక యాప్ తెరచుకొనదు. మరునాడు తెరచుకొన్నను, కొత్త ఫోను అయినందున మొదటి 24 గంటలు సాధారణముగా 5,000 రూపాయలకు మించి పంపనియ్యరు.

కాబట్టి బిల్లు రోజున, దాణా కొను రోజున, పశువుల సంతకు పోవు రోజున, భీమా కిస్తు గడువు రోజున సిమ్ మార్చకండి. చెల్లింపులు ఏవియు లేని రెండు రోజులు చూచుకొని, ఇంటిలో కొంత నగదు ఉంచుకొని మార్చండి. ఖాతాలో పాల బిల్లు జమ అగుటకు మాత్రము ఏ ఆటంకము లేదు. కబురు ఆలస్యమైనను సొమ్ము ఆగదు. ఇంకొక నియమము కూడ ఉన్నది. 2024 జూలై 1 నుండి, సిమ్ మార్చిన 7 రోజుల లోపల ఆ నంబరును వేరొక కంపెనీకి మార్చుకొనుటకు వీలు లేదు.

అడుగకనే వచ్చు పిలుపు

"మీ సిమ్ పాతబడినది. ఈ-సిమ్‌కు మార్చనిచో రేపటి నుండి ఆగిపోవును" అని ఒక పిలుపు వచ్చును. మాట మర్యాదగా ఉండును. మీ పేరు, ఊరు కూడ చెప్పవచ్చును. ఒక లింకు పంపి నొక్కుమందురు. లేదా ఇప్పుడు వచ్చిన సంఖ్య చదివి చెప్పుమందురు. మీరు చెప్పిన మరుక్షణము మీ నంబరు వారి ఫోనులోని ఈ-సిమ్‌లోనికి పోవును. వెనుకటి రోజులలో దొంగ మీ కార్డును దొంగిలించవలెనన్న మీ ఇంటికి రావలెను. ఇప్పుడు ఆ శ్రమ అక్కరలేదు. కేంద్ర హోంశాఖలోని సైబర్ నేర సమన్వయ కేంద్రమువారు 2025లో ఈ మోసము విషయమై హెచ్చరించినారు.

కంపెనీవారు మిమ్ములను పిలిచి ఈ-సిమ్‌కు మారి తీరవలెనని బలవంతపెట్టరు. ప్లాస్టిక్ కార్డులు ఆగిపోలేదు. మీరు మొదలుపెట్టని మార్పునకు వచ్చు ఏ సందేశమునకును "1" అనిగాని, ఔననిగాని జవాబు ఇవ్వకండి. క్యు.ఆర్. గుర్తును ఫొటో తీసి ఎవరికిని పంపకండి.

మోసము జరిగినట్లు తెలియుట ఎట్లు? ఉన్నట్టుండి మీ ఫోనులో సిగ్నల్ పూర్తిగా పోవును. అదే కంపెనీ నంబరు గల పక్కవారి ఫోనులో మాత్రము ఉండును. టవరు పాడైనదిలే అని పాలు పితుకుటకు పోవద్దు. వెంటనే వారి ఫోను నుండి మీ కంపెనీకి చెప్పి నంబరును ఆపించండి. బ్యాంకుకు చెప్పి ఖాతాను ఆపించండి. సొమ్ము పోయినచో 1930కి ఫోను చేయండి. అందుచేత బ్యాంకు నంబరు, మీ ఖాతా సంఖ్య ఆ ఫోనులో మాత్రమే కాక కాగితము మీదను ఉండవలెను. మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నవో ప్రభుత్వమువారి సంచార్ సాథీలో చూచుకొనవచ్చును. మీవి కానివి ఉన్నచో అక్కడే తెలుపవచ్చును.

అందరును మారవలెనా?

అక్కరలేదని నా అభిప్రాయము. ఈ-సిమ్‌కు సుగుణములు ఉన్నవి. ఫోను దొంగిలించినవాడు కార్డు తీసి పారవేయలేడు. దుమ్ము పట్టదు, అరుగదు. ఒకే ఫోనులో రెండు నంబర్లు పెట్టుకొనుటకు అనువు. కాని మన పని నీళ్ళతో, పేడతో, పాల క్యానులతో. ఫోను కుడితి తొట్టిలో పడిన రోజున ప్లాస్టిక్ కార్డు ఉన్నవాడు దానిని తీసి, తుడిచి, ఇంటిలోని పాత మీటల ఫోనులో వేసికొని పది నిమిషములలో గోపాలమిత్రను పిలువగలడు. ఈ-సిమ్ ఉన్నవానికి ఆ వీలు లేదు. మరియొక ఫోనుకు మార్చుటకు మరల కంపెనీని అడుగవలెను, మరల 24 గంటలు వేచియుండవలెను. ఇంటికంతకు ఒకే ఫోను ఉన్నవారు, కార్డు అర గల ఫోనును కొని కార్డునే వాడుకొనుట మేలు. అర లేని ఫోను వచ్చినవారికి, పిల్లలు దగ్గరనుండి చూచుకొనగలవారికి ఈ-సిమ్ బాగుగానే పనిచేయును.

మారినవారు మరమ్మతు దుకాణములో జాగ్రత్త వహించవలెను. ఫోనును మొత్తము చెరిపి కొత్తదిగా చేయునప్పుడు ఈ-సిమ్‌ను కూడ చెరుపవలెనా అని ఫోను అడుగును. వద్దని చెప్పవలెను. చెరిపినచో పాత క్యు.ఆర్. గుర్తు సాధారణముగా రెండవసారి పనిచేయదు.

ఇక పాత కార్డు. అది పనిచేయదు గదా అని ఆ రోజే పారవేయకండి. బ్యాంకు సందేశములు, యు.పి.ఐ., సంఘము నుండి వచ్చు పాల లెక్కల ఎస్.ఎం.ఎస్.లు కొత్త ఫోనులో సరిగా వచ్చుచున్నవో లేవో ఒక బిల్లు గడచువరకు చూడండి. కార్డులో దాచిన పేర్లన్నియు ఎక్కినవో లేవో మరొకసారి పోల్చుకొని, ఆ తరువాత దానిని రెండు ముక్కలుగా కత్తిరించి, పశువుల మేతలో పడని చోట వేయండి.