తొలి ప్రేక్షకుల మొర: మాదకద్రవ్య ముఠాల ధారావాహికలు, రసవిఘ్న విచారము

ప్రేక్షకాభిప్రాయమునకు మన లక్షణగ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమునందే కలదు. మహేంద్రధ్వజోత్సవమున భరతుడు తొలి ప్రయోగమును ప్రదర్శించెను. అందలి కథ దేవతలచేతిలో దైత్యుల పరాజయము. దేవతలు సంతసించి నటులకు కానుకలిచ్చిరి. దైత్యులు సంతసింపలేదు. విరూపాక్షుడు ముందు నిలువగా విఘ్నులు నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండముతో వారిని చితుకగొట్టెను. ఆ దండమే జర్జరమని పేరొందెను. కథ అంతటితో ముగియలేదు. పిదప బ్రహ్మ విఘ్నులను సామోపాయముతో పలుకరించి, నాట్యమును చెరుపుటకు కారణమేమని అడిగెను. దేవతలకును తమకును సమానముగా పితామహుడైన బ్రహ్మ, దేవతల కోరికపై తమకు అవమానకరమైన దానిని సృజించుట తగదని విరూపాక్షుడు మొరపెట్టుకొనెను.

ఈ ఘట్టమును మనము సాధారణముగా రంగదైవతపూజకు పూర్వకథగా చెప్పి దాటిపోవుచుందుము. కాని ఇందొక విమర్శసూత్రము కలదు. ఒకే ప్రదర్శనమును చూచిన ఇరువర్గములలో, ఎవరి గాయము కథావస్తువైనదో వారికి రసము కలుగలేదు. ఆ కలుగకపోవుటకు శాస్త్రము పెట్టిన పేరు విఘ్నము. ఈ సూత్రమును, నేడు లోకమంతట విరివిగా చూడబడుచున్న ఒక దృశ్యరచనావర్గమునకు, అనగా మాదకద్రవ్య ముఠాల కథలు చెప్పు టెలివిజన్ ధారావాహికలకు అన్వయించి చూచుట ఈ వ్యాసోద్దేశము.

పరిశీలనకు మూడు ధారావాహికలు గైకొనబడినవి. మొదటిది, కొలంబియా దేశమున కారకోల్ సంస్థ 2012లో ప్రసారము చేసిన "ఎస్కోబార్, ఎల్ పాత్రోన్ దెల్ మాల్". "దుష్టత్వమునకు దొర" అని ఆ పేరునకర్థము చెప్పవచ్చును. రెండవది, నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2015 నుండి 2017 వరకు మూడు భాగములుగా వెలువరించిన "నార్కోస్". ఈ రెంటి వస్తువు ఒక్కటే: మెడెలిన్ నగరమునకు చెందిన పాబ్లో ఎస్కోబార్ చరిత్ర. నార్కోస్ మూడవ భాగము మాత్రము కాలీ నగరపు ముఠాను గూర్చినది. మూడవ ధారావాహిక, 2008 నుండి 2013 వరకు అమెరికాలో ప్రసారమైన "బ్రేకింగ్ బాడ్". ఇది పూర్తిగా కల్పితము.

చరిత్రను సంగ్రహముగా స్మరించుట అవసరము. ఎస్కోబార్ 1949లో జన్మించెను. 1982లో కొలంబియా ప్రతినిధిసభకు ప్రత్యామ్నాయ సభ్యుడుగా ఎన్నికయ్యెను. అతని వ్యాపారమును బయటపెట్టిన న్యాయశాఖామంత్రి రోద్రిగో లారా బొనియా 1984 ఏప్రిల్ 30న హత్యకు గురియయ్యెను. ఎల్ ఎస్పెక్తాదోర్ పత్రికాసంపాదకుడు గియెర్మో కానో 1986 డిసెంబరులోను, అధ్యక్షపదవికి పోటీచేయుచున్న లూయిస్ కార్లోస్ గలాన్ 1989 ఆగస్టులోను చంపబడిరి. అదే సంవత్సరము నవంబరు 27న ఆవియాంకా విమానము ఆకాశముననే బాంబుచే పేలిపోగా అందలి 107 మందియు, నేలపైనున్న ముగ్గురును మరణించిరి. 1993 డిసెంబరు 2న ఎస్కోబార్ మెడెలిన్‌లో పోలీసుల కాల్పులలో మరణించెను. అనగా ఈ ధారావాహికలు వెలువడునాటికి ఆ మృతుల భార్యలు, బిడ్డలు, తోడబుట్టినవారు అనేకులు జీవించియే యున్నారు. ఈ విషయమును మరువరాదు.

అభినవగుప్తుడు రససూత్రవ్యాఖ్యానమున ఏడు రసవిఘ్నములను చెప్పెను. అందు మొదటి మూడింటితో మనకిట పని కలదు. చూపబడునది జరుగదగినదే యను నమ్మకము లేకుండుట మొదటిది. ఇది నాది, ఇది పరునిది యను దేశకాలవిశేషములలో చిత్తము చిక్కుకొనుట రెండవది. తన సొంత సుఖదుఃఖములకు వివశుడగుట మూడవది.

నార్కోస్‌పై కొలంబియా ప్రేక్షకులు చేసిన ఆక్షేపణములలో మొట్టమొదట వినవచ్చునది భాషను గూర్చినది. ఎస్కోబార్ పాత్రధారి వాగ్నర్ మౌరా బ్రెజిల్ దేశీయుడు. పోర్చుగీసు అతని మాతృభాష. ఈ పాత్రకొరకై స్పానిష్ నేర్చుకొనెను. ఎస్కోబార్ భార్య పాత్రను మెక్సికో నటి ధరించెను. మెడెలిన్ ప్రాంతపు స్పానిష్‌కు తనదైన యాసయు, సంబోధనరీతియు కలవు. ఆ పలుకు విని పెరిగినవారికి మౌరా నోట వెలువడు ప్రతివాక్యమును ఇతడు వాడు కాడని చెప్పుచుండెను. ఆ భాష తెలియక అనువాదపంక్తులు చదువుకొను విదేశీయులకో, అదే నటుని అభినయము మిక్కిలి ప్రశంసాపాత్రమయ్యెను. రెండు అభిప్రాయములును నిజాయితీగలవే. ఒకరు చెవితో చూచిరి, ఒకరు కంటితో చూచిరి. ఇది మొదటి విఘ్నము. చిత్తూరుసీమ మనిషి కృష్ణాతీరపు యాసలో పలికినచో మనకు కలుగు చికాకు ఇట్టిదే. దీనిని స్వల్పవిషయమని త్రోసివేయుట భాషాశాస్త్రము చదివినవారికి తగదు.

ఈ ధారావాహికకు మరియొక లక్షణము కలదు. కథ యావత్తును చెప్పు గొంతు అమెరికా మాదకద్రవ్యనిరోధశాఖకు చెందిన ఒక అధికారిది. అతడు చెప్పునది ఆంగ్లమున. నడుమనడుమ ఆ కాలపు వార్తాచిత్రములు చేర్చబడినవి. కల్పనను, పత్రమును ఇట్లు కలుపుటవలన, పరదేశీయునికి ఇదంతయు జరిగినదే యను నమ్మకము దృఢపడును. కొలంబియనునకు మాత్రము తన దేశపు దుఃఖము పరుని నోట, పరుని భాషలో వినవలసివచ్చుచున్నది. 2016లో ఎస్కోబార్ కుమారుడు సైతము రెండవ భాగములోని 28 తప్పులను పట్టిక వేసి ప్రకటించెను. హంతకుని కుమారుడును, హతుల బంధువులును వేర్వేరు కారణములచే ఒకే రచనను ఆక్షేపించుట గమనింపదగినది.

ఇక ఎల్ పాత్రోన్ దెల్ మాల్ స్థితి వేరు. దానికి రూపకర్తలు హువానా ఉరీబే, కమీలో కానో అను ఇరువురు. కమీలో, హతుడైన సంపాదకుని కుమారుడు. హువానా, 1990లో ఎస్కోబార్ మనుషులచే అపహరింపబడిన పత్రికారచయిత్రి మరూహా పచోన్ కుమార్తె; గలాన్‌కు బంధువు. గాబ్రియేల్ గార్సియా మార్కేస్ 1996లో వెలువరించిన అపహరణగ్రంథమునకు మరూహా మొదలగువారి నిర్బంధమే వస్తువు. కాగా విఘ్నులే ఇట ప్రయోక్తలైరి. యాస సరిపోయినది, నటుడు ఆంద్రేస్ పార్రా కొలంబియనుడే, ఎస్కోబార్, లారా బొనియా, కానో, గలాన్ నిజనామములతోనే కనబడుదురు. చరిత్ర నెరుగనివారికి అది మరల తప్పదను హెచ్చరిక ప్రతిభాగారంభమున చూపబడుచుండెను. అయినను ఆక్షేపణము ఆగలేదు. ఎంత నిందించినను, రాత్రి వెనుక రాత్రి ఇంటింట కనబడువాడు అతడే గదా యని అనేకులు వాపోయిరి.

ఇచ్చట శాస్త్రములోని ఒక చిక్కు బయలుపడుచున్నది. మొదటి విఘ్నమునకు పరిహారముగా అభినవగుప్తుడు ప్రఖ్యాతవస్తువును చెప్పెను. రామాదుల చరిత్ర లోకమున రూఢమై యుండుటచే అసామాన్యకార్యములను సైతము ప్రేక్షకుడు నమ్మును. ఈ పరిహారము ప్రాచీనవృత్తమునకు చక్కగా చెల్లును. వస్తువు నిన్నటిదైనచో ఆ ప్రఖ్యాతియే రెండవ, మూడవ విఘ్నములకు మూలమగుచున్నది. వీధిపేరు, తేది, చనిపోయినవాని ముఖము ఎరిగిన ప్రేక్షకునికి సాధారణీకరణము కలుగుటెట్లు? అతనికి గలాన్ కేవలము ఒక ధీరోదాత్తుడు కాడు. తాను ఓటు వేయదలచిన మనిషి. కావున నమ్మకమునకై చేరిన సత్యమే ఆస్వాదమునకు అడ్డమగుచున్నది. ఒక విఘ్నమునకు మందు మరియొక విఘ్నమునకు కారణమగుట పూర్వలాక్షణికులు చర్చింపవలసిన అవసరము కలుగలేదు; వారి ప్రఖ్యాతవస్తువు పురాణేతిహాసములకు చెందినది.

విఘ్నములేవియు లేని ప్రేక్షకుని మాటేమి? అతడు దూరదేశీయుడు. శాస్త్రరీత్యా అతడే నిర్విఘ్నుడు, రసాస్వాదయోగ్యుడు. కాని అతని ఆస్వాదము పోయిన పోకడ చూడుడు. 2016 డిసెంబరులో మాద్రిద్ నగరపు నడిచౌకున నార్కోస్ ప్రకటనఫలకము ఒకటి వెలసెను. తెల్లని క్రిస్మస్ అను పండుగమాటను కొకెయిన్ తెలుపుతో శ్లేషించి చేసిన వేడుక అది. కొలంబియా విదేశాంగమంత్రి మరియా ఆంహెలా ఒల్గీన్ దానిని తొలగింపవలెనని కోరెను. మాద్రిద్ బాటసారికి అది హాస్యము. బొగోటా నివాసికి అవమానము. మెడెలిన్‌లో ఎస్కోబార్ ఇండ్లను, సమాధిని చూపు విహారయాత్రలు విదేశీయులకొరకు నడచుచుండగా, అతడు కాపురమున్న మొనాకో భవనమును నగరపాలకులు 2019 ఫిబ్రవరి 22న కూల్చివేయించి, ఆ తావున మృతుల స్మారకోద్యానమును నిర్మించిరి.

కొలంబియనుల అభిప్రాయమంతయు ఏకముఖమని భావింపరాదు. చెత్తగుట్టపై గుడిసెలలో బ్రదికిన పేదలకు ఎస్కోబార్ కొన్ని వందల యిండ్లు కట్టించి యిచ్చెను. ఆ పేటలో నేటికిని అతని పటము పెట్టుకొని కృతజ్ఞత చెప్పువారు కలరు. వారును సాక్షులే. రాజ్యము ఇయ్యని కప్పు దొంగ యిచ్చినపుడు పుట్టిన కృతజ్ఞతను వెక్కిరించుట సులభము. దానిని అర్థముచేసికొనుట విమర్శకుని పని.

ప్రతినాయకునిపై ప్రీతి మనకు క్రొత్తది కాదు. దశరూపకము ప్రతినాయకుని లోభి, ధీరోద్ధతుడు, మొండి, పాపకారి, వ్యసని యని లక్షించెను. అతని వంశశౌర్యవిద్యలను వర్ణించి, పిదప నాయకుని గెలుపు చెప్పుటచే నాయకుని ఉత్కర్ష ప్రకటమగునని దండి. 1977లో వచ్చిన "దానవీరశూరకర్ణ" చిత్రమున నందమూరి తారకరామారావు ధరించిన సుయోధనపాత్రను తెలుగు ప్రేక్షకులు కృష్ణపాత్రకంటె తక్కువగా ప్రేమింపలేదు. దానివలన ఎవరికిని గాయము కలుగలేదు. ద్రౌపది బంధువులెవరును ఆ చిత్రశాలలో కూర్చుండి యుండలేదు. ఎస్కోబార్ కథకును సుయోధనుని కథకును గల భేదమంతయు ఈ ఒక్క విషయమున నున్నది.

వస్తువు కల్పితమైనచో ఈ చిక్కు తీరునా? బ్రేకింగ్ బాడ్ దానికి సమాధానము చెప్పును. విన్స్ గిల్లిగన్ సృష్టించిన ఆ కథలో, న్యూ మెక్సికో రాష్ట్రమునందలి ఒక రసాయనశాస్త్రోపాధ్యాయుడు క్యాన్సర్ సోకిన పిదప మెథాంఫెటమిన్ తయారీకి దిగి, ముఠాలతో చేతులు కలిపి, క్రమముగా క్రూరుడగును. అతని భార్య స్కైలర్ అతని అబద్ధములను నిలదీయును. అనేకులు ప్రేక్షకులు హంతకుని మన్నించి, నిలదీసిన భార్యను ద్వేషించిరి. ఆ ద్వేషము పాత్రను దాటి, పాత్రధారిణి ఆన్నా గన్‌పైకిని ప్రసరించెను. 2013 ఆగస్టులో ఆమె న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ విషయమై స్వయముగా వ్యాసము వ్రాసెను. కథ భర్త కంటితో చెప్పబడినది. ఆ కంటికి అడ్డు వచ్చినదెల్ల ప్రేక్షకునికి తన యానందమునకు అడ్డువచ్చినట్లే తోచెను. కల్పితకథలో సైతము సత్యము పలుకు పాత్ర విఘ్నముగా పరిగణింపబడినది. బయట కూర్చున్న మృతుని బిడ్డకును, కథలోని స్కైలర్‌కును పట్టిన గతి ఒక్కటే.

ఈ పరిశీలనవలన తేలిన దేమనగా, "బాగున్నది", "బాగులేదు" అను ప్రేక్షకవాక్యములు మూడు వేర్వేరు తీర్పులను కప్పిపుచ్చుచున్నవి: రచనానైపుణ్యముపై తీర్పు, పాత్రపై తీర్పు, సత్యముపై తీర్పు. నార్కోస్ బాగున్నదన్న విదేశీయుడు మొదటిదానిని, బాగులేదన్న కొలంబియనుడు తరచుగా మూడవదానిని చెప్పుచున్నాడు. అభిప్రాయములను కూడి సగటు తీయుట ఈ భేదమును చెరిపివేయును. ప్రేక్షకుడు ఎవరు, ఎచ్చటివాడు, ఏ భాషలో వినెను, కథలో తనవారెవరైన కలరా యని మొదట విచారింపవలెను.

ఈ విచారము మనకు పరాయిది కాదు. 2021లో వెలువడిన "పుష్ప" చిత్రము ఎర్రచందనపు దొంగరవాణాలో ఎదిగిన ఒక కల్పితకూలీ కథను చిత్తూరుసీమ యాసలో చెప్పి దేశమంతట మన్ననలందెను. అదే శేషాచలపు అడవులలో 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుండి వచ్చిన 20 మంది కూలీలు కాల్పులలో మరణించిరి. ఆ చిత్రము వారి కథ కాదు. అడవియు, దుంగయు, గొడ్డలియు అవియే. ఆ కూలీల పల్లెలలో ఆ చిత్రము ఎట్లు చూడబడినదో విని వ్రాయుట తెలుగు, తమిళ శాఖలు కలిసి చేయదగిన పని.

విరూపాక్షుని మొరకు బ్రహ్మ యిచ్చిన సమాధానమును మరల చూతము. నాట్యము దేవతలకొక్కరికే చెందినది కాదనియు, ముల్లోకముల భావములకు అనుకీర్తనమనియు, ఇరువర్గముల శుభాశుభములను చూపుననియు అతడు పలికెను. ఆ సమాధానము తృప్తికరమా యను చర్చ యటుంచుడు. సమాధానము చెప్పవలసినంతటి మొరగా అతడు దానిని గుర్తించెను, అది ముఖ్యము. జర్జరముతో కొట్టుట ఇంద్రుని పద్ధతి. కారణ మడుగుట పితామహుని పద్ధతి. రసము కలుగని ప్రేక్షకుని అసహృదయుడని త్రోసివేయుటకు ముందు, అతడు ఎవరిని పోగొట్టుకొనెనో అడుగుట విమర్శకధర్మము.