జబ్బు దేవుడి శిక్షేనా?

ప్రశ్న: నాకు క్యాన్సర్. పాత పాపాలకు దేవుడు శిక్షిస్తున్నాడని సంఘంలో అంటున్నారు. ప్రార్థనకు కూర్చుంటే భయమేస్తోంది. – ఓ సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ మాట మనసులోంచి తీసేయండి. దేవుణ్ణి ముందు న్యాయాధిపతిగా, తర్వాతే తండ్రిగా నేర్పడం వల్ల వచ్చిన భయమిది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఎవరి పాపమనే అడిగారు. యేసు అతని మీదా వేయలేదు, కన్నవాళ్ల మీదా వేయలేదు. యోహాను సువార్త 9వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. 1373లో ఇంగ్లండులో నార్విచ్ జూలియన్ అనే భక్తురాలు జబ్బుతో చావు అంచుదాకా వెళ్లింది. అప్పటి దర్శనాల్లో దేవుడిలో కోపమే కనబడలేదని తర్వాత రాసింది. మంచం పట్టిన మనిషి సాక్ష్యం కాబట్టి నాకది మరీ విలువైనది.

కొన్నాళ్లు పొడుగు ప్రార్థనలు వద్దు. ‘నాన్నా’ అని పిలవండి, ఏడుపొస్తే ఏడవండి. చికిత్స మాత్రం ఆపొద్దు. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆ రోజే డాక్టరుకూ, మీరు నమ్మే పాస్టరుగారికీ చెప్పండి.