పటంలో మీ పోడు కనపడుతోందా?

డొంకరాయి రైతులకు జలాశయం, 25 మెగావాట్ల కరెంటు కేంద్రం కొత్త కాదు. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రం కూడా తలపెట్టారు. ఇలాంటి పనులకు స్థలం చూసేది ముందు పటంలోనే. ఆ పటం మీరూ చూడాలి.

ఇస్రో 2009లో తెచ్చిన ‘భువన్’ను సెల్‌ఫోన్‌లోనే తెరవొచ్చు. ముందు ఏరు, తర్వాత ఊరు, ఆపైన మీ చేను గుర్తించండి. అడవిదున్నల దారి, వేసవి ఊట అందులో కనపడవు. వాటిని పెద్దలనడిగి కాగితంపై గీసుకోండి.

ఫొటోలో సాగు కనపడలేదని పోడు హక్కు కాదంటే వెనక్కి తగ్గొద్దు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప బదులు కాదని అటవీ హక్కుల నిబంధనల్లో 2012లో చేర్చారు. గట్లు, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యాలే. మీ కాగితం గ్రామసభలో పెట్టండి, తీర్మానంలో రాయించండి.