సమాచారానికి బరువుందా?

లావుపాటి పుస్తకం మొత్తం చదివేస్తే తలకాయ బరువెక్కుతుందా? నవ్వకండి. భౌతికశాస్త్రంలో ఇది నిజమైన ప్రశ్నే.

మన గుత్తికి దగ్గర్లోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శాసనాలు ఉన్నాయి. దాదాపు 2,250 ఏండ్ల కిందట బండల మీద బ్రాహ్మీ లిపిలో చెక్కించినారు. ఉలితో చెక్కితే రాతి పెచ్చులు రాలిపోతాయి కదా! అంటే అక్షరాలు చేరినాక బండ బరువు తగ్గింది. అదే మాటను నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తే, పొడి అంటుకుని బల్ల బరువు పెరుగుతుంది. మాట ఒకటే, తూకంలో తేడా మాత్రం రాయిదీ, సుద్దదీ.

ఇంకో సంగతి. బ్రాహ్మీ లిపిని చదివేవాళ్లు కొన్ని వందల ఏండ్లు లేకుండా పోయినారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన దాన్ని మళ్లీ చదవగలిగినాడు. అర్థం తెలిసిందని ఏ బండా బరువెక్కలేదు.

మరి శక్తి మాటేమిటి? సమాచారంలో అతి చిన్న ముక్కను బిట్ అంటారు. అది 1 గానీ 0 గానీ అయివుంటుంది. ఒక బిట్‌ను చెరిపితే కనీసం కొంత శక్తి వేడిగా బయటికి పోక తప్పదని 1961లో రోల్ఫ్ లాండౌర్ చెప్పినాడు. ఎంత శక్తి? మామూలు గది వేడిమిలో, 3 జౌళ్లను 1 పక్కన 21 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేంత! 2012లో ఫ్రాన్సులో ప్రయోగం చేసి ఇది నిజమేనని చూపినారు.

బిట్‌కు ద్రవ్యరాశి కూడా ఉంటుందని 2019లో మెల్విన్ వాప్సన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించినాడు. అది మాత్రం ఇంకా ప్రయోగంలో రుజువు కాలేదు.

దీన్నుంచి మనం గ్రహించవలసినది ఒకటుంది. సమాచారం దానంతటది గాలిలో నిలబడదు. రాయో, కాగితమో, మెమరీ కార్డో, మనిషి మెదడో, ఏదో ఒకటి దాన్ని మోయాల. మన తండాల్లో అవ్వలు పాడే పాటలు చాలామటుకు కాగితం ఎక్కలేదు. వాటిని మోసేది అవ్వల జ్ఞాపకమే. పాటను త్రాసులో పెట్టలేము గానీ, మోసేవాళ్లు పోతే పాటా పోతుంది.

అందుకే ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో పాట అడిగి రాసుకుని రండి. మన గోర్‌బోలీకి సొంత లిపి లేదని వెనకాడొద్దు, తెలుగు అక్షరాల్లోనే రాయండి. నోటుబుక్కు బరువు పెరిగేది సిరా మందమే!